విజిట్ వీసా మీద గల్ఫ్ పని

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పనికోసం బయలుదేరే మనిషికి అసలు ప్రమాదం అక్కడి ఎండలో కంటే ముందే, ఏజెంటు చేతిలో పెట్టే విజిట్ వీసాతో మొదలవుతుంది.

పదో తరగతి పాసుకానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైన) తరగతికి చెందుతుంది. అంటే నిర్ణీత 18 దేశాలకు కొలువు కోసం వెళ్లేవారు 1983 నాటి వలసల చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి పొందాలి. యజమాని పేరు, జీతం, ఒప్పందం ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదయ్యేది అప్పుడే. 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా దక్కేదీ అప్పుడే.

సందర్శకుడిగా విమానం ఎక్కినవాడికి ఇవేవీ ఉండవు.
ప్రయాణం కోసం చేసిన అప్పు మాత్రం ఉంటుంది.

సక్రమంగా వెళ్లినవారికీ పూర్తి భరోసా లేదు. సౌదీలో పనివాడు పారిపోయాడని యజమాని ఫిర్యాదు చేయడాన్ని ‘హురూబ్’ అంటారు. అది నమోదైతే, జీతం బకాయి అడిగినవాడే నేరస్థుడిలా దాక్కోవలసి వస్తుంది, ఎందుకంటే నివాస అనుమతి కార్డయిన ఇకామాకే ముప్పు వస్తుంది, పాస్‌పోర్టు చూస్తే తరచూ యజమాని బీరువాలో ఉంటుంది. పాస్‌పోర్టును అలా అట్టిపెట్టుకోవడం అక్కడి నిబంధనల ప్రకారమే నిషిద్ధమన్న సంగతి చాలామంది కూలీలకు ఎవరూ చెప్పరు, ఇది అన్యాయం.

ఇలాంటి చిక్కుల్లో విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేసి ఫలితం పొందినవారు, పొందనివారు తమ అనుభవం ఇక్కడ రాస్తే, ప్రయాణానికి సిద్ధమవుతున్న కుటుంబాలకు ఉపయోగపడుతుంది.