హిందూపురం దాకా సైకిళ్ళ మీద

బెంగళూరు నుంచి హిందూపురానికి రైలుంది, బస్సుంది. సైకిల్ మీద పోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. అయినా జనవరిలో ఒక ఆదివారం మేము ఇరవై రెండు మంది పోయినాము. మన కాలనీ వాళ్ళం తొమ్మిది మంది, మిగతావాళ్ళు వైట్‌ఫీల్డ్ వైపు కంప్యూటర్ ఉద్యోగాలు చేసే పిల్లలు. వాళ్ళకు సైకిల్ అంటే సరదా. మన ఇళ్ళల్లో సైకిల్ అంటే ఫస్ట్ షిఫ్టుకు పోయే బండి.

బెంగళూరులో ఇది కొత్త ముచ్చటేమీ కాదు. టూర్ ఆఫ్ నీల్గిరీస్ అని 2008లో మొదలైంది. ఎనిమిది రోజులు కొండల్లో తొక్కుతారు. అందులో కొందరు చందాలు పోగుచేసి పేదపిల్లల చదువులకు ఇస్తారు. మాకు అన్ని రోజుల సెలవు ఎవరిస్తారు? మాది ఒక్కరోజు పని. కిలోమీటరుకు ఇంత అని తెలిసినవాళ్ళ దగ్గర రాయించుకోవాలి, తొక్కి చూపించాలి, ఆ డబ్బుతో కాలనీకి ఆక్సిజన్ మెషిన్ కొనాలి. ఈ మెషిన్ గాలిలోంచే ఆక్సిజన్ తీసి ఇస్తుంది. సిలిండర్ మాదిరి నింపించే పని లేదు, కరెంటు ఉంటే చాలు.

ఎందుకు ఆక్సిజన్ అని మన పత్రిక చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పత్తి ఉన్నచోటల్లా దుమ్ము ఉంటుంది. మా నాన్న ఇరవై ఆరేళ్ళు కార్డింగులో చేశాడు. వారమంతా బాగుండేవాడు, ఆదివారం సెలవు తర్వాత సోమవారం డ్యూటీకి పోగానే ఎద పట్టేసేది. ఆదివారం తిన్న పెరుగన్నం మీదికి తోసేది మా అమ్మ. ఆ జబ్బు పేరు బిస్సినోసిస్ అనీ, సోమవారం ఎద బిగుసుకోవడమే దాని మొదటి గుర్తనీ తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. పనివల్ల వచ్చే జబ్బుల పట్టికలో, నష్టపరిహారం చట్టంలోనే, అది ఉంది. కాబట్టి ఈ మెషిన్ మనం చందాలేసుకుని కొనాల్సిన సామాను కాదని నా అభిప్రాయం. హక్కుగా రావాల్సిందాన్ని అడగాల్సిందే. అడిగేలోపల ఊపిరి మాత్రం రోజూ కావాల కదా.

మా సందులో ఒక మామ ఉన్నాడు, స్పిన్నింగులో రిటైరైనాయన. గడపలో కూర్చుంటే కూడా ఆయాసమే. కిలోమీటరుకు రూపాయి రాయించినాడు. "నూరంటే నూరు తొక్కాలప్పా. తొంభై ఏడు దగ్గర టెంపో ఎక్కితే తొంభై ఏడే ఇస్తా" అన్నాడు. ఆయన పుట్టింది హిందూపురం పక్కన పల్లె. 1963లో ఇదే దారిన బెంగళూరుకు వచ్చి మిల్లులో చేరినాడు.

తెల్లారి నాలుగున్నరకు మాగడి రోడ్డులో బయల్దేరినాం. 1884లో మొదలై తర్వాత బిన్నీ కంపెనీ చేతికి వచ్చిన మిల్లు ఈ పక్కనే ఉండేది, ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్లు. మల్లేశ్వరంలో రాజా మిల్లు జాగాలో పెద్ద మాల్. గుంటూరు నుంచి వచ్చిన ఒక కంప్యూటర్ పిల్లోడు ఆ మాల్‌లో ఎన్నో సినిమాలు చూశాడంట, అక్కడ మిల్లు ఉండేదని మేము చెప్తేనే తెలిసింది. "నిజంగానా అన్నా?" అని వెనక్కి తిరిగి తిరిగి చూశాడు.

హెబ్బాళ, యలహంక, రాజానుకుంటె. మంచుకు ముందు సైకిల్ వెనక లైటు ఒక్కటే కనిపించేది. దాదాపు నలభై కిలోమీటర్లకు దొడ్డబళ్ళాపురం. పవర్‌లూమ్‌ల ఊరు. మెయిన్ రోడ్డు వదిలి సందులోకి పోతే ఆదివారం పొద్దున్నే మగ్గాల టకటక వినిపించింది. అరుగు మీద పళ్ళు తోముకుంటున్న పెద్దాయన తెలుగులోనే పలకరించినాడు. వాళ్ళ తాతలు మన వైపు నుంచి వచ్చిన నేతగాళ్ళంట. చెవిలో మగ్గం మోగుతానే ఉంటుంది కాబట్టి గట్టిగా మాట్లాడతాడు. మా స్పిన్నింగు మామ కూడా అంతే, ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాడు. టిఫినుకు అనపగింజల ఉప్మా దొరికింది. జనవరిలో ఈ దారిన పోయేవాళ్ళు అది తినకుండా పోవద్దు.

మాకళిదుర్గం దగ్గర కథ మారింది. కొండ మీద కోట, కింద రైలు పట్టాలు, నడుమ మలుపుల రోడ్డు. బెంగళూరు కంటే హిందూపురం దాదాపు మూడువందల మీటర్లు పల్లం, దారంతా దిగుడే అనుకుంటాం. కానీ ఆ పల్లానికి చేరేముందు ఈ ఎక్కుళ్ళు ఉన్నాయి. మాలో ఒక అమ్మాయి గార్మెంట్స్‌లో టైలరు, గేర్లు లేని లేడీస్ సైకిల్. గుంటూరు పిల్లోడు తన గేర్ల సైకిల్ ఇవ్వబోయాడు. "వద్దులే తమ్ముడూ, సీటు అంత ఎత్తుంటే దిగేదెట్లా?" అని నవ్వింది. టెంపో పక్కన ఆపి ఎక్కమన్నా ఎక్కలేదు. దిగి తోసుకుంటూ నడిచింది. ఆ పిల్లోడు కూడా దిగి ఆమె పక్కనే నడిచినాడు. తోసిన కిలోమీటరు లెక్కకు వస్తుందా రాదా అని పైన మాకు పెద్ద చర్చ. వస్తుందని తీర్మానించినాం.

గౌరిబిదనూరులో టీ అంగడాయన మమ్మల్ని చూసి, "ఇంతమంది యాడికి పోతాండారు? ఎలక్షనా?" అన్నాడు. సంగతి చెప్తే టీ దుడ్లు సగమే తీసుకున్నాడు.

అక్కడికి ఆరేడు కిలోమీటర్లలో విదురాశ్వత్థం. నాగప్రతిష్ఠకు మన ఆడవాళ్ళు చానామంది పోయిన చోటే. వేల నాగరాళ్ళు. విదురుడు నాటినాడని చెప్పుకునే రావిచెట్టు 2001లో కూలిపోయింది. ఆ పక్కనే ఇంకొక జ్ఞాపకం ఉంది. 1938 ఏప్రిల్ 25న ఇక్కడ కాంగ్రెసు జెండా ఎగరేయబోయిన జనం మీద మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపినారు. చానామంది చనిపోయినారు. ఆ తర్వాత గాంధీ పంపిన పటేల్ వచ్చి దివాన్‌తో మాట్లాడినాక, సంస్థానం జెండా పక్కన ఆ జెండాకూ చోటు దొరికింది. స్మారకం గోడ దగ్గర మేము చెప్పులిప్పి నిలబడినాం. ఎవరూ చెప్పలేదు, అందరం ఇప్పినాం.

తర్వాత ఎండ, ఎదురుగాలి. కర్ణాటక దాటి ఆంధ్రాలోకి వచ్చినట్టు బోర్డుల అక్షరాలు చూసి తెలుసుకున్నాం. హిందూపురం స్టేషన్ ముందు నా మీటరు నూట మూడు చూపించింది. టైము రెండున్నర. లేపాక్షి ఇంకొక పద్నాలుగు కిలోమీటర్లే, ఆ స్తంభాల మీది లతలు చీరల అంచుల మీదికి ఎక్కినాయని అందరికీ తెలుసు, చూడాలని ఆశే. కాళ్ళు ఒప్పుకోలేదు. సైకిళ్ళు టెంపోలో వేసి రైలెక్కినాం.

మరుసటి రోజు మామ ఇంటికి పోయి మీటరు ఫోటో చూపించినాను. ఫోటో చూడకుండానే అడిగినాడు: "దొడ్డబళ్ళాపురంలో మగ్గాలు ఆడుతున్నాయా?" ఆడుతున్నాయన్నాను. అలమరాలోంచి నూరు నోటు, పైన మూడు రూపాయల చిల్లర తీసి లెక్కపెట్టి ఇచ్చినాడు.

అందరివీ కలిసి రెండు మెషిన్లకు సరిపోయినాయి. ఒకటి సంఘం గదిలో, ఒకటి రేషన్ అంగడి పక్కింట్లో పెట్టినాం. కావాల్సినవాళ్ళు డాక్టరు చీటీ తేవాల. ఎన్ని లీటర్లు పెట్టాలో డాక్టరే చెప్పాల, ఎక్కువ పెడితే మంచిదని అనుకోవద్దు, కొందరికి అది చెరుపు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు, వచ్చే మీటింగులో ఉంది. ఇంకొక మాట. కనీసం అయిదేళ్ళు ఈఎస్‌ఐలో ఉండి రిటైరైనవాళ్ళు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ భార్యకూ వైద్యం కొనసాగుతుంది. మా సందులో ఇద్దరే కడుతున్నారు. ఫారం నింపడం రానివాళ్ళు ఆదివారం పదింటికి సంఘం గదికి రండి, ఆ టైలరమ్మాయే రాసిస్తుంది.