ఆటయు, సభయు, జూదమును

నేడు నలుగురు తల్లులు కూడినచోట చదువుల మాటయు, సంబంధముల మాటయు ముగియకముందే వచ్చు మాట యొకటి కలదు. "గేములు మా పిల్లలను చెరిపినవి" అనునదియే యది. మా సారంగాపూరులో చాట ముందిడుకొని బీడీలు చుట్టు అమ్మలును, జగిత్యాలకు పోవు బస్సులోని ఉద్యోగినులును ఈ మాటనే చెప్పుకొందురు. మాట యొక్కటియే గాని, దానిలో మూడు వేర్వేరు విషయము లిమిడియున్నవి. ఒకటి ఆట, రెండవది సభ, మూడవది జూదము. ఈ మూటిని ఒక్క పేరుతో పిలుచుటచేత, పిల్లవాని చేతిలోని ఆటను లాగికొనుచున్నారు గాని, ఇంటిలో దూరిన జూదమును గుర్తింపలేకున్నారు. మేము వీడియో గేముతో పెరిగినవారము. నేడు మా బిడ్డలు దానితో పెరుగుట చూచుచున్నవారము. కావున ఈ మూటిని వేరుచేసి చెప్పుటకు పూనుకొంటిమి.

మాకు అక్షరములు నేర్పినది మా తండ్రిగారు. బడిలోకంటె ఇంటిలోనే ఎక్కువగా చదివితిమి. భారతములోని పద్యములు కొన్ని అప్పగించినగాని ఉదయపు చాయ దొరకెడిది కాదు. అట్టి యింటికి 1999లో మస్కటునుండి సెలవుమీద వచ్చిన మా మేనమామ యొక పెట్టెను తెచ్చెను. టీవీకి తగిలించుటకు తీగ, రెండు రిమోటులు, పసుపుపచ్చని క్యాసెట్టు ఒకటి. ఆ క్యాసెట్టుపై తొమ్మిదులు వరుసగా పేర్చి, ఇన్ని ఆటలు గలవని అచ్చువేసియుండిరి. తీరా చూడగా పండ్రెండు ఆటలే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుచుండెను. తెరపై బొమ్మ రానిచో క్యాసెట్టు నూడదీసి, నోటితో ఊది, మరల పెట్టుదుము. మా తండ్రిగారు దానిని నిషేధింపలేదు. సందెదీపము పెట్టువరకే యని హద్దుమాత్రము విధించిరి.

ఆ పెట్టె జపానులోని నింటెండో సంస్థ 1983లో చేసిన యంత్రమునకు అనుకరణ యని పిమ్మట తెలిసికొంటిమి. ఆ సంస్థ 1889లో క్యోటో నగరమున పుట్టినపుడు చేసిన వ్యాపారము పేకముక్కల తయారీ. ఆటకును జూదమునకును ఇల్లు ఎంత దగ్గరయో యిందువలన తెలియును. మాకు మిక్కిలి ప్రియమైన మారియో ఆటను ఆ సంస్థయే 1985లో వెలువరించెను. పిల్లలు ఇటుకలాటయని పిలుచు టెట్రిస్‌ను మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అను నతడు కల్పించెను. అది చేతిలో ఇముడు చిన్నయంత్రమై మా పెంబట్ల దుబ్బరాజన్న జాతరలో గాజుల దుకాణముల ప్రక్క అమ్మకమునకు వచ్చుట మేము కన్నులార చూచితిమి. ఎక్కడి మాస్కో, ఎక్కడి శివరాత్రి జాతర!

మొదటి రిమోటు మా అన్నది, రెండవది మాది. ఆట మొదలుపెట్టు మీటయు, నడుమ నిలుపు మీటయు మొదటి రిమోటుపైననే యుండెను, రెండవదానిపై లేకుండెను. కావున అన్న మొదలుపెట్టిన మేమును మొదలుపెట్టుదుము. అతడు ఆపిన మేమును ఆపుదుము. ఇక తెరపై ఆడుదాని స్థితి ఎట్టిదనగా, ఎనిమిది లోకముల చివర కోటలో రాజకుమారి చెరయందుండును. మీసాల మారియో పోయి ఆమెను విడిపించును. ఆమె చేయు పని వేచియుండుటయే. ఆనాడు మాకు ఇందులో వింత తోచలేదు.

ఐనను ఆ ఆటయందు గొప్ప సుగుణ మొకటి కలదు. దానికి గోడలుండెను. ఆడువారు ఇంటివారే, అలవాటుగా వచ్చు పొరుగు పిల్లలే. కరెంటు పోయిన ఆటయు పోవును. ఆ దినములలో కరెంటు తరచుగా పోవుచునే యుండెను. ఎంత దూరము గెలిచినను క్యాసెట్టు దానిని జ్ఞాపకముంచుకొనదు, మరునాడు మొదటినుండియే. గెలుపునకు ధనము లేదు, ఓటమికి ఋణము లేదు. అష్టాచెమ్మవలెనే, పచ్చీసువలెనే, అరుగుమీద పుట్టి అరుగుమీదనే ముగిసెడిది.

ఆ గోడలు 2016 మొదలు కూలినవి. ఆ యేడు సెప్టెంబరు 5న జియో సేవలు ఆరంభమై ఇంటర్నెట్టు కారుచౌక యయ్యెను. అక్టోబరు 11న మాకు జగిత్యాల జిల్లా ఏర్పడెను. 2018లో పబ్జీ యను ఆట ఫోనులలోనికి వచ్చెను. 2020లో కరోనాచేత బడులు మూతబడగా, సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు టీవీ ద్వారమునను, ఫోను ద్వారమునను పాఠములు మొదలయ్యెను. మరునాడే, సెప్టెంబరు 2న, కేంద్రప్రభుత్వము పబ్జీతోగూడ 118 యాప్‌లను నిషేధించెను. మావారు ఉపాధ్యాయులు, "చదువునకై ఫోను కొనిపెట్టుడని నిన్న తల్లిదండ్రులకు చెప్పితిమి, నేడు ఫోను దాచుడని చెప్పవలసివచ్చెను" అని నవ్విరి. ఆ ఆటయే 2021 జూలైలో బీజీఎంఐ యను పేర మరల వచ్చి, 2022 జూలైలో మరల ఆగి, 2023 మేలో పదునెనిమిదేండ్లలోపువారికి దినమునకు మూడు గంటల హద్దుతో తిరిగి వచ్చెను. ఆజ్ఞలచేత ఆట పోయి వచ్చుచుండవచ్చును గాని, పిల్లలు దానిని మరచుట లేదని తేలినది.

అందుచేత మేము మా పెద్దమ్మాయి ప్రక్కన కూర్చుండి ఆ ఆటను చూడ నారంభించితిమి. ఆమెకు పదునాలుగేండ్లు. చూచిన మొదటి వారములోననే మాకొక రహస్యము తెలిసినది. అందు నూరుగురు ఒక ద్వీపముపై గొడుగులతో దిగుదురు. నలుగురేసి జట్లు. సురక్షితమైన వలయము క్షణక్షణము చిన్నదగుచుండును. కడపటి జట్టు మిగులువరకు పోరు సాగును. దాదాపు అరగంట పట్టును. నడుమ నిలుపు మీట లేదు. ఒకరు లేచిపోయిన మిగిలిన మువ్వురును చిక్కుకొందురు. "అన్నము చల్లారుచున్నది, రా" అని మనము పిలిచినపుడు పిల్లలు రాకుండుట ఎల్లవేళల అవిధేయత కాదు. తోడివారిని నడిపోరున విడువలేమి. నాటినుండి మా యింటిలో "వెంటనే లెమ్ము" అను మాట పోయి, "ఈ మ్యాచి ముగియగానే లెమ్ము, మరియొకటి తెరువవద్దు" అను మాట వచ్చినది. గంటలు లెక్కించుటకంటె మ్యాచిలు లెక్కించుట మేలు. కొట్లాట సగము తగ్గినది.

ఇది ఆట. ఇక సభ మాట.

నేటి ఆటలో మాటలు వినబడును. ఏయూరివారో, ఏ భాషవారో జట్టులో చేరి మాటాడుదురు. ఇందు మంచియు కలదు. ఇంగ్లండువారు మన పచ్చీసునే మార్చి లూడో యని పేటెంటు పొందిరి. ఆ లూడోను మన దేశమువారే 2016లో లూడో కింగ్ యను పేర ఫోనులోనికి తెచ్చిరి. ఇచట రాత్రి పదిగంటలైనపుడు దుబాయిలో ఎనిమిదిన్నర. పనినుండి గదికి చేరిన తండ్రి అక్కడినుండి, తల్లీబిడ్డలు ఇక్కడినుండి పావులు కదపుట మా ప్రాంతమున పెక్కిండ్ల కథ. రెండేండ్ల కొకసారి ముఖము చూచు తండ్రికి బిడ్డతో పోట్లాడుటకు ఒక నెపము దొరకుట సామాన్యమా?

ఐతే మా అమ్మాయి పెట్టుకొన్న పేరు మగపిల్లవాని పేరు. మాటాడు మీటను ఎన్నడును తెరువదు. ఎందుకని యడిగితిమి. "అమ్మా, ఆడపిల్లనని తెలిస్తే ఆట ఆడనియ్యరు. మాటలు పడాలె" అనెను. ఒకనాడు మేము ప్రక్కనుండగా మీట పొరపాటున తెరచుకొన్నది. ఆమె గొంతు విన్నంతనే జట్టులోని ఒకడు అన్న మాట ఈ పుటలలో వ్రాయదగదు. ఆమె ముఖము చిన్నబోయెను. ప్రక్కనే మరియొక ఫోనులో ఆడుచున్న పదునొకండేండ్ల మా చిన్నవాడు మాత్రము, "మా అక్కతోని మంచిగ మాట్లాడు" అని గట్టిగా అనెను. నాడు కురుసభలో అంతమంది పెద్దలు తలలు వంచుకొనియుండగా, కౌరవులలో న్యాయము పలికినవాడు పిన్నవాడగు వికర్ణుడే యని మాకు జ్ఞప్తికి వచ్చినది.

ఈ సంగతి తెలిసి మా బంధువులలో ఒక పెద్దావిడ, "ఆడపిల్లకు ఫోనెందుకు? తీసివేయరాదా" అనిరి. మేము సమ్మతింపలేదు. దుర్భాషలాడినవాడు సుఖముగా ఆడుచుండగా, విన్న పిల్ల ఆటను, దానితోపాటు పాఠములకు పనికివచ్చు ఫోనును పోగొట్టుకొనుట ఏమి న్యాయము? మేము వేరు పని చేసితిమి. ఆ యాటలో నోరు మూయించు మీటయు, ఫిర్యాదు చేయు మీటయు, మరల కలిసికొనకుండ అడ్డగించు మీటయు కలవు. ఆ మూడును మేము నేర్చి ఆమెచే నేర్పించితిమి. ఊరు, బడి, ఫోను నంబరు ఎవరికిని చెప్పరాదని కట్టుబాటు చేసితిమి. ఆమె బడిలోని మరి మువ్వురు బాలికలతో జట్టు కట్టించితిమి. ఇపుడు ఆ నలుగురు తమ గొంతులతోనే మాటాడుకొనుచు ఆడుదురు. మాకు దొరకని మొదటి రిమోటు మా బిడ్డకు దొరకినది. దానిని చేతులార తీసికొనము.

కొడుకులు గల తల్లులకు మా మనవి యొకటి. మీ వాడు ఎన్ని గంటలు ఆడెనో అడుగుటతో ఆగక, ఆ సభలో ఏమి మాటాడుచున్నాడో చెవియొగ్గి వినుడు. పరుల బిడ్డ ముఖము చిన్నబుచ్చు మాట ఏ యింటినుండియో బయలుదేరుచున్నది గదా!

మూడవది జూదము. ఇది ఆటల వేషము వేసికొని వచ్చును. చేరినంతనే కొంత సొమ్ము తానే యిచ్చును. తొలుత చిన్నగెలుపులు చూపును. పిదప పోయినదానిని రాబట్టుకొను నాశచే మనిషిని కూర్చుండబెట్టును. మా సమీపగ్రామమున ఒక యింట, తండ్రి గల్ఫులో ఎండకోర్చి పంపిన సొమ్మును కొడుకు ఫోనులో రమ్మీ ఆడి పోగొట్టెను. తల్లి పుస్తెలతాడు తాకట్టుకు పోయినదాక ఎవరికిని తెలియలేదు. "మావాడు గేములాడును, అందరు పిల్లలవలెనే" అని ఆ తల్లి అనుకొనుచుండెనట. ఆ ఒక్క పేరు ఆమె కన్నులను కప్పినది.

తెలంగాణ ప్రభుత్వము 1974 నాటి జూదచట్టమును 2017లో సవరించి, సొమ్మొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను, రమ్మీతోగూడ, నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసెను. అట్టి యాటలను నడుపువారికి మూడేండ్ల వరకు చెర, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేయువారికి రెండేండ్ల వరకు చెర, ఏబది లక్షల వరకు జరిమానా. ఆ కేంద్రచట్టము ఆడి చెడినవానికి శిక్ష విధింపలేదు. సొమ్ములేని ఆటలను, పోటీయాటలను అది నిషేధింపలేదు. పోటీయాటలకు ప్రోత్సాహమే తెలిపినది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఫోను, కంప్యూటరు ఆటలకు పతకములుకూడ ఇచ్చిరి. చట్టము సైతము ఆటను, జూదమును వేరుచేసినది, గృహిణి వేరుచేయరాదా?

నన్నయగారి నలోపాఖ్యానమున మాకెన్నడును మరపురాని ఘట్ట మొకటి కలదు. నలుడు పుష్కరునితో జూదమునకు కూర్చుండి ఒక్కొక్కటిగా ఓడుచుండగా, దమయంతి ఏడ్చుచు కూర్చుండలేదు. సారథి వార్ష్ణేయుని పిలిపించి, బిడ్డలిద్దరిని రథమెక్కించి పుట్టినింటికి పంపివేసెను. రాజ్యము పోకముందే ఆమె గుర్తించెను, కాపాడదగినదానిని కాపాడెను. మనకును ఆ మెలకువయే కావలెను. బ్యాంకునుండి ఫోనునకు వచ్చు సందేశములు మనమును చదువవలెను. డబ్బు పంపు పిన్‌నంబరు పిల్లలకు తెలియరాదు. ప్లే స్టోరులో ఏది కొన్నను పాస్‌వర్డు అడుగునట్లు చేయవలెను. వజ్రములని, దుస్తులని పేరుపెట్టి ఆటలలో అమ్మునవియు మన సొమ్మునకే. మోసముచే ధనము పోయిన తడవు చేయక 1930 నంబరునకు చెప్పవలెను.

ఎక్కువగా ఆడు ప్రతి బిడ్డయు రోగి కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో అంగీకరించి, 2022 జనవరి 1 నుండి అమలు చేసిన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనము చేరినది గాని, దానికి లక్షణములు నిర్ణయించిరి. ఆపుకొనలేమి, తక్కిన పనులన్నిటికంటె ఆటకే పెద్దపీట, చెడు కలుగుచున్నను మానకుండుట, ఇవి సాధారణముగా ఏడాదిపాటు కనబడవలెను. అట్లు కనబడినచో తిట్లు మందు కావు, వైద్యుని చూపవలెను. ప్రభుత్వమువారి టెలీ మానస్ నంబరు 14416కు ఇంటినుండియే మాటాడవచ్చును.

సోదరీమణులారా! పని ముగిసిన పిదప ఒక్క అరగంట, ఒక్క మ్యాచి, మీ బిడ్డ ప్రక్కన కూర్చుండుడు. ఆట యైనచో నేర్పుమనుడు. పిల్లలకు తల్లికి నేర్పుటకంటె ఆనందము లేదు. సభ యైనచో ఎవరున్నారో వినుడు. జూద మైనచో ఆ రాత్రియే లేచి తలుపు మూయుడు.