మూడో పెగ్గు

మొన్న సంక్రాంతికి ఫ్రీమాంట్‌లో ఓ మిత్రుడింట్లో భోజనాలు. రెండు గంటల్లో మూడు పెగ్గులు పుచ్చుకున్నాను. బయల్దేరే ముందు, డాక్టరునన్న ధీమాతో మనసులో లెక్క కట్టాను. మనిషి బరువు 70 కిలోలు, పెగ్గుకి 14 గ్రాముల ఆల్కహాలు, గంటగంటకీ లివరు అరిగించేది కొంత. వెరసి రక్తంలో 0.06 శాతం. కాలిఫోర్నియాలో హద్దు 0.08. ఇంకేం, తాళం తిప్పాను.

680 మీద డబ్లిన్ దాటాక, "ఏమండీ, మన ఎగ్జిట్ వెళ్ళిపోయింది" అంది మా ఆవిడ. రోజూ వచ్చే దారే. బోలింజర్ కాన్యన్ బోర్డు కళ్ళముందునుంచి పోయింది, నేను చూడలేదు. వెనకసీట్లో ఆరేళ్ళ పిల్ల నిద్రపోతోంది. నేను చూడనిది బోర్డు గనక సరిపోయింది. క్రో కాన్యన్ దగ్గర దిగి, కారు పక్కకి ఆపి, తాళాలు ఆవిడకిచ్చాను. ఇంటిదాకా ఇద్దరం మాట్లాడలేదు.

మర్నాడు కాగితం మీద వేసి చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. కాని ఆ లెక్కని నమ్మి తాళం తిప్పింది మూడు పెగ్గులు తాగిన బుర్ర. తూలడం, మాట ముద్దకట్టడం తరవాతి సంగతులు. ముందు సడలేది విచక్షణ. 0.05 దగ్గరికే కదిలే వస్తువు వెంట చూపు సరిగా పోదు, స్టీరింగు తిప్పడంలో తడబాటు వస్తుంది. (పెరుగన్నం తింటే దిగిపోతుందనే మిత్రులకి ఒక మాట: తాగాక ఎంత తిన్నా, ఎంత కాఫీ పోసినా లివరు తొందరపడదు.)

హైదరాబాదు ట్రాఫిక్‌ని వెక్కిరించడం మన విందుల్లో ఓ ముచ్చట గదా! 1988 నాటి భారత మోటారు వాహనాల చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. ఆ రాత్రి పంజాగుట్టలో దొరికితే నేను ముద్దాయిని. ఇక్కడ, అంకెనిబట్టి, పెద్దమనిషిని.

ఈ రాష్ట్రంలోనూ 1990 దాకా 0.10 ఉండేది. 1980లో ఫేర్ ఓక్స్‌లో తాగిన డ్రైవరు గుద్ది పదమూడేళ్ళ కూతురు పోయాక, కాండేస్ లైట్నర్ అనే తల్లి సంఘం పెట్టి పోరాడింది. రాష్ట్రాలన్నీ 0.08కి రావాలని 2000లో ఫెడరల్ చట్టం వచ్చింది. 2013లో జాతీయ రవాణా భద్రతా బోర్డు 0.05 చాలంది. ఆ మాట మొదట విన్నది యూటా, 2018 డిసెంబరు 30న. 2016తో పోలిస్తే 2019లో అక్కడ ప్రాణాలు తీసిన ప్రమాదాల రేటు 19.8 శాతం తగ్గింది. మిగతా దేశంలో తగ్గింది 5.6 శాతమే.

"ఇక విందులో గుక్కెడు తాగినా నేరమేనా?" అంటాడు మా మిత్రుడు. కాదు. నా బరువు మనిషికి 0.05 అడ్డుపడేది, వద్దంటున్నా మర్యాదకని పోసే ఆ మూడో పెగ్గుకే.

ఉగాదికి మా ఇంట్లో భోజనాలు. గుమ్మం దగ్గర ఇత్తడి పళ్ళెం పెడుతున్నాను. మందు పుచ్చుకునేవారు కారు తాళాలు అందులో వేయాలి. ఇంట్లో మూడు పరుపులు అదనంగా ఉన్నాయి. డాక్టరుగారికి చాదస్తం ముదిరిందన్న మాట అప్పుడే నా చెవిన పడింది.