విరామంలో జరిగిన కథ: ఏకపాత్ర ప్రదర్శనలో రచయిత ఉత్థాన పతనాలు

విశాఖపట్నం జాలరిపేటలో మా తాత తన నావ కథ చెప్పేవాడు. నావ కొన్న రోజు, తొలి వేటలో పడిన చేపలు, ఆ సంపాదనతో కట్టిన ఇల్లు, అన్నీ విస్తరించి వర్ణించేవాడు. పరుల నావపై కలాసీగా గడిపిన తరువాతి ఏళ్ళనూ దాచేవాడు కాడు. నావ సముద్రంలో కలిసిన రాత్రి మాత్రం ఆ కథలో ఉండేది కాదు. అడిగితే "అదలా పోనాదిరా" అని చుట్ట వెలిగించేవాడు. చాలాకాలం దీన్ని కథన లోపంగానే భావించాను. ఆస్కార్ వైల్డ్ జీవితంపై రూపొందిన ఒక ఏకపాత్ర నాటకాన్ని పరిశీలించినప్పుడు ఆ అభిప్రాయం మారింది.

మీహాల్ మాక్ లియమోర్ 1960లో డబ్లిన్‌లో ప్రదర్శించిన ఆ నాటకం 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఆస్కార్'. దర్శకుడు హిల్టన్ ఎడ్వర్డ్స్. వైల్డ్ జీవితంలో నాటకీయతకు కొరత లేదు. 1895 ఫిబ్రవరి 14న 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' లండన్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. సరిగ్గా నూరు రోజులకు, మే 25న, స్వలింగ సంబంధాల నేరంపై ఆయనకు రెండేళ్ళ కఠిన కారాగార శిక్ష పడింది. న్యాయస్థాన ఘట్టాన్ని ఏ నాటకకర్త అయినా వదులుకోడనిపిస్తుంది. మాక్ లియమోర్ వదులుకున్నాడు. తొలి భాగంలో వైభవం, మలి భాగంలో జైలులో రాసిన 'డి ప్రొఫండిస్', విడుదలయ్యాక రాసిన రెడింగ్ జైలు కావ్యం వినిపిస్తాయి. విచారణ విరామంలోనే ముగిసిపోతుంది.

నటుడు వైల్డ్ వేషం ధరించడు, కథకుడిగానే నిలుస్తాడు. హరికథ ఎరిగిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) తీర్చిదిద్దిన ఆ కళలో దాసు క్షణంలో పాత్రగా మారి, మరుక్షణం కథకుడవుతాడు. పతనాన్ని నటించేవాడు పడినవాణ్ణి మళ్ళీ బోనులో నిలబెట్టవలసి వస్తుంది. కథకుడికి ఆ నిర్బంధం లేదు.

అయితే ఈ మౌనం కేవలం గౌరవమేనా? మాక్ లియమోర్, ఎడ్వర్డ్స్ జీవిత సహచరులు. అటువంటి సంబంధం ఐర్లండులో 1993 వరకు నేరమే. కనుక ఆ మౌనంలో భయానికీ చోటు ఉండవచ్చు. మా తాత మౌనంలోనూ దుఃఖం ఎంతో, సిగ్గు ఎంతో నేను విడదీయలేను.

తాత కథతో నేనూ ఒక ఏకపాత్ర రాసుకున్నాను. అందులో అన్నిటికన్నా పెద్ద దృశ్యం ఆ రాత్రిదే. ఆయన ఎన్నడూ పలకని మాటలు ఆయన నోట పలికించాను. ఇప్పుడు ఆ పుటలు తీసివేశాను. వాటి స్థానంలో చుట్ట వెలిగించడం ఒక్కటే ఉంది.