బూట్లు వేయని కెప్టెన్, కొండల్లోని డాక్టరు

ఆటలాడేవాడికి చదువు రాదు, చదివేవాడు గ్రౌండు వైపు చూడకూడదు అని మన హాస్టల్లో ఒక మాట ఎప్పటినుంచో ఉంది. పదో తరగతిలోకి రాగానే మా చేతుల్లోంచి బాలు వెళ్లిపోయింది. దసరా సెలవులకు ఇంటికెళితే అమ్మానాన్నలదీ అదే మాట. కూలికెళ్లి చదివిస్తున్నవాళ్లు, వాళ్ల భయం వాళ్లది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో మేము డాక్టర్ తాలిమెరెన్ ఆవో గారి గురించి రాయదలచాం.

మా పి.ఇ.టి. సారు చెప్పేదాకా ఆ పేరు మాకు తెలియదు. నాగాలాండ్ అంటే మ్యాపులో గుర్తిస్తే వచ్చే ఒక మార్కు, అంతే!

ఆవో గారు 1918లో నాగా కొండల్లోని చాంకీ గ్రామంలో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు. కొడుకు డాక్టరై తమ జనానికి సేవ చేయాలని ఆయన కోరిక. 1935లో ఆ తండ్రి టైఫాయిడ్‌తో చనిపోయారు. ఆవో గారు గౌహతి కాటన్ కాలేజీలో చదివి, కలకత్తాలో కార్మైకేల్ మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడ డాక్టరు చదువు చదువుతూనే 1943 నుంచి మోహన్ బగాన్ క్లబ్బుకు ఆడారు. ఇది విన్నాక మాలో ఒకడు, "మరి మాకెందుకు సార్ కుదరదు?" అని అడిగేశాడు. సారు నవ్వి ఊరుకున్నారు.

స్వతంత్ర భారతదేశం ఒలింపిక్స్‌కు పంపిన తొలి ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే కెప్టెన్. 1948 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మన జెండా పట్టుకున్నదీ ఆయనే. జూలై 31న ఫ్రాన్స్‌తో మ్యాచ్. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే దిగారు. రెండు పెనాల్టీలు వృథా అయ్యాయి. రామన్ ఒక గోలు కొట్టి సమం చేసినా, ఆట ఇంకో నిమిషంలో ముగుస్తుందనగా ఫ్రాన్స్ మరో గోలు కొట్టి 2-1తో గెలిచింది. బూట్లెందుకు వేసుకోలేదని విలేకరులు అడిగితే, మేం ఆడేది ఫుట్‌బాల్, బూట్‌బాల్ కాదు అన్నారట ఆవో గారు.

మేమూ ఉత్త కాళ్లతోనే ఆడతాం. పల్లేరుకాయలు గుచ్చుకుంటే పీకేసి మళ్లీ పరిగెడతాం. అయితే వాళ్లకు అలవాటై వేసుకోలేదు, మాకు కొనే స్తోమత లేక వేసుకోలేదు. రెండూ ఒకటి కాదని మా గదిలో రాత్రి స్టడీ అవర్ అయ్యాక పెద్ద వాదనే జరిగింది.

ఇంగ్లండులో ఆర్సెనల్ క్లబ్బు ఆయన్ని తమకు ఆడమని పిలిచిందని చెబుతారు. ఆయన చదువు పూర్తి చేయడానికి వెనక్కి వచ్చేశారు. 1950లో ఎం.బి.బి.ఎస్. అయింది. 1953లో కోహిమాలో అసిస్టెంట్ సివిల్ సర్జన్‌గా చేరారు. కొద్ది కాలానికే ఆ కొండల్లో సాయుధ పోరాటం మొదలైంది. ఆయన అక్కడే ఉండిపోయారు. 1963లో నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడ్డాక ఆరోగ్య శాఖ డైరెక్టరై, 1978లో పదవీ విరమణ చేశారు. 1998లో కన్నుమూశారు. 2018లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది ఆయన ఆట కన్నా ఆయన వెనక్కి రావడమే. మాలో ఒకరి ఊరి దగ్గరి ప్రభుత్వాసుపత్రికి రెండేళ్లు డాక్టరు లేడు. వచ్చినవాళ్లు బదిలీ పెట్టించుకుని పోయారు. "పెద్దయ్యాక ఏమవుతావు" అంటే మా క్లాసులో సగం మంది డాక్టరనే చెబుతారు. వెనక్కి ఎంతమంది వస్తారని లెక్క వేద్దామంటే ఒకడు మాత్రం నిజం చెప్పాడు: "నేను పట్నంలోనే ఉంటాను రా. అక్క పెళ్లి అప్పు తీరాలి, తమ్ముణ్ణి చదివించాలి." వాడికి ఎదురు చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. వాడి అప్పు సంగతి మా అందరికీ తెలుసు.

మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లయిన అన్నలు, అక్కలు ఉన్నారు. ఈసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు దండలు, ఉపన్యాసాలు అయ్యాక మాతో ఒక గంట కూర్చోవాలని మా మనవి. ఊరికి దగ్గరలో ఉన్నవాళ్లు ఎలా ఉండగలిగారో, ఉండలేనివాళ్లు ఎందుకు ఉండలేకపోయారో మాకు రెండూ వినాలని ఉంది.