పునాది ఎత్తు ఒక్కటే కొలిచాను

యానాంలో ఎవరు ఇల్లు మొదలుపెట్టినా ముందుగా వచ్చే మాట పునాది ఎత్తు. 1986 ఆగస్టులో గోదావరి పాయ గౌతమి పొంగినప్పుడు నీళ్లు ఏ గోడకు ఎంతవరకు నిలిచాయో పెద్దవాళ్లు ఇప్పటికీ చేత్తో చూపిస్తారు. 1996 నవంబరు తుపానుకి ఎగిరిపోయిన కప్పుల గురించి చెబుతారు. ఆ రెండు భయాలూ వింటూ ఎదిగిన సివిల్ ఇంజనీరుని నేను. ఊరి అంచున పేద కుటుంబాల కోసం వేయబోయే ఒక లేఅవుట్‌కి భద్రతా నివేదిక రాయమన్నప్పుడు నాకు తట్టినవి ఆ రెండే.

వరద మట్టం, గట్టు ఎత్తు, నేల బలం, గాలికి నిలిచే కప్పు, అన్నీ శ్రద్ధగానే లెక్కగట్టాను. చివర్లో పరిసరాల గురించి ఒక వాక్యం ఉండాలి. ‘చుట్టుపక్కల ప్రమాదకర పదార్థాలు, పరిశ్రమలు ఏవీ లేవు’ అని ఒక పాత నివేదికలో ఉంటే దాన్నే ఎత్తి రాశాను. ఆ వాక్యం నిజమో కాదో చూడ్డానికి పొలాల వెంట ఒక్కసారి కూడా నడవలేదు. పైవాళ్లూ అడగలేదు. ఇళ్లు లేచాయి, కుటుంబాలు చేరాయి.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పగిలి నిప్పంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరు కలిసిన గ్యాస్ పంపడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. చనిపోయినవాళ్లలో చాలామంది తమ ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు. ఆ వార్త చదివాక నా నివేదిక తీసి ఆ చివరి వాక్యం మళ్లీ చదువుకున్నాను. నా మీద నాకే కోపం వచ్చింది. మర్నాడే ఆ కాలనీకి వెళ్లాను.

పక్క చేలో పనిచేసుకుంటున్న పెద్దాయన నాతో నడిచారు. లేఅవుట్ పటంలో నేను ‘ఖాళీ స్థలం’ అని వదిలిన పొడవాటి పట్టీ పక్కన గడ్డిలో పసుపు రంగు రాళ్లు కనిపించాయి. ‘అయ్యి గ్యాసు పైపులైను రాళ్లండి. మీరు ఇళ్లు కట్టకముందు నుంచీ ఉన్నాయండి’ అన్నారాయన. ఆ పట్టీ మీద జనం కొబ్బరి మొక్కలు పాతుకున్నారు. పైపులైను కోసం తీసుకున్న స్థలంలో ఇల్లు కట్టడం, చెరువు తవ్వడం, చెట్టు నాటడం కుదరదని 1962 నాటి పైపులైన్ల చట్టం చెబుతోంది. ఆ మాట వాళ్లకు చెప్పాల్సింది నేను.

కాలువ అవతల ఐస్ ఫ్యాక్టరీ ఉంది. చేపలు, రొయ్యల మీద బతికే ప్రాంతంలో అది మామూలే కాబట్టి నా కంటికి ఆనలేదు. కానీ ఐస్ గడ్డకట్టించేది అమ్మోనియా. ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన నిబంధనలు పెద్ద నిల్వలకే ఎక్కువగా వర్తిస్తాయి. చిన్న ఫ్యాక్టరీలో ఉండేది ఆ పరిమాణానికి చేరకపోవచ్చు, పక్క వీధివాళ్ల ఊపిరితిత్తులు కాలడానికి మాత్రం సరిపోతుంది. కాలనీకి ఉన్న ఒకే ఒక్క దారి ఆ ఫ్యాక్టరీ గోడ పక్కనుంచే పోతోంది. అమ్మోనియా కారితే జనం దానికి ఎదురుగా పరుగెత్తాలి.

ఇక పల్లం పూడ్చడానికి తోలిన మట్టి. అందులో ఏమేం కలిసిందని అడిగితే, తుపానులో పగిలిన సిమెంటు రేకులు కూడా తెచ్చి పోశారని పెద్దాయన చెప్పారు. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము పీల్చితే ఎన్నో ఏళ్ల తర్వాత ఊపిరితిత్తులకు జబ్బు వస్తుంది. ఒకప్పుడు యానాంని ఏలిన ఫ్రాన్స్ దాన్ని 1997లోనే నిషేధించింది. ఇక్కడ ఆ ముక్కల మీద పిల్లలు ఆడుకుంటున్నారు.

యానాంకి మరో చిక్కు ఉంది. ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఊరు, చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం పుదుచ్చేరిది కాబట్టి దస్త్రాలు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని అక్కడే. పొలిమేర దాటి అరకిలోమీటరు అవతల ఏముందో మన పటంలో ఉండదు. అది పక్క జిల్లా అత్యవసర ప్రణాళికలోకి వెళ్తుంది. నేనూ యానాం సరిహద్దు గీత దగ్గరే ఆగిపోయాను. గాలికి ఆ గీత లేదు.

ఇళ్లకీ ప్రమాదానికీ మధ్య దూరం ఎలా కరిగిపోతుందో విశాఖ చూపించింది. ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర పాలిమర్ ఫ్యాక్టరీ 1961లో మొదలైనప్పుడు చుట్టూ జనం తక్కువ. ఆ తర్వాత ఒక్కో లేఅవుటూ దాని గోడ దగ్గరికి జరిగింది. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. గాలికన్నా బరువైనది కాబట్టి నేలబారుగా పాకి, నిద్రలో ఉన్నవాళ్లను చేరింది. ఆ లేఅవుట్లకి కూడా ఎవరో ఒకరు సంతకం పెట్టే ఉంటారు. ఆ సంతకం నాది కూడా కావచ్చన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

తప్పు ఒప్పుకుంటూ కొత్త నివేదిక రాసి ఇచ్చాను. రెండో దారి ఆలస్యంగానైనా పడింది. పైపులైను మీది మొక్కలు తీయించారు, హెచ్చరిక బోర్డులు పెట్టారు. రేకుల ముక్కలు పైపైన మాత్రమే ఏరారు. ఆ కాలనీలో ఇంతవరకు ప్రమాదం జరగలేదు. అందులో నా గొప్పేమీ లేదు.

ఇప్పుడు ఏ స్థలం చూసినా వరద మట్టానికి ముందు నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ నేల ఇంతకుముందు దేనికి వాడారు, పూడిక మట్టి ఎక్కడిది? కింద ఏ గొట్టం ఉంది, అందులో ఏం పారుతోంది? పొలిమేరకు అటూ ఇటూ ఎవరు ఏం నిల్వ చేస్తున్నారు, పగలు సముద్రం మీది గాలికీ రాత్రి నేల మీది గాలికీ అది ఎటు పోతుంది? చీకట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు గాలికి అడ్డంగా బయటపడే దారి ఉందా? జవాబులు సగం దస్త్రాల్లో ఉంటాయి, మిగతా సగం ఆ చేలగట్ల మీద తిరిగేవాళ్ల దగ్గర ఉంటాయి. పెద్దాయనకు తెలిసినదంతా నేను మొదటిరోజే తెలుసుకోగలిగేవాణ్ణి, అడిగి ఉంటే.

పాత విపత్తు నేర్పిన పాఠాన్ని గట్టిగా పట్టుకుని కొత్తదాన్ని నేను చూడలేకపోయాను. ఇల్లు తీసుకోబోయేవారికి నా విన్నపం ఒక్కటే. పునాది ఎత్తు అడగండి, దాంతో పాటే ‘చుట్టూ ఏముందో చూసిందెవరు, ఎప్పుడు చూశారు’ అని కూడా అడగండి. చూశామని సంతకం పెట్టిన మాలాంటివాళ్లు జవాబు చెప్పి తీరాలి.