గాలం వేసే ముందు

కృష్ణా జిల్లా నుంచి వచ్చిన చుట్టాలు మా బెళ్ళందూరు చెరువును చూడగానే "గాలం వేద్దామా బావా?" అంటారు. వద్దంటాను. నగరపు మురుగు చేరి నురగలు కక్కిన నీరది. 2018 జనవరిలో అక్కడ లేచిన మంటలు ఆర్పడానికి సైన్యం కూడా రావలసి వచ్చింది. ఆ నీటి చేప వంటింటికి పనికిరాదు.

శుభ్రమైన చెరువు, పట్టుకోవడానికి అనుమతి ఉంటే మా నాన్నగారు నేర్పిన లెక్క వినండి. బొచ్చె పైనీటిలో, శీలావతి నడిమి నీటిలో, మోసు, బంగారుతీగ అడుగున మేస్తాయి. కనుక బొచ్చెకు బెండును గాలానికి దగ్గరగా కట్టాలి. మోసుకైతే ఎర నేలను తాకేలా బెండును పైకి జరపాలి. తవుడు, వేరుశనగ చెక్కపొడి, గోధుమపిండి గట్టిగా కలిపిన ముద్ద చాలు. అడుగు చేపలకు వానపాము కూడా మేలే. ముందుగా కొంత ముద్ద నీళ్ళలో చల్లాలి. మా బ్యాంకు భాషలో అది డిపాజిట్! తరువాత సద్దు చేయకుండా కూర్చోవాలి.

బెండు వణికితే తొందరపడకండి. మునిగి పక్కకు నడిచినప్పుడే కర్ర ఎత్తండి. పెద్ద చేపను ఒక్కసారిగా లాగితే దారం తెగుతుంది. అలిసేదాకా అటూ ఇటూ తిరగనిచ్చి ఒడ్డుకు చేర్చండి.

మా పిల్లలకు ఇదంతా నోటికి వచ్చు. ఇంటి దగ్గరే ఇంత చెరువున్నా, చేసి చూపాలంటే మాత్రం సెలవుల్లో ఊరికి రైలెక్కించాల్సిందే.